అయస్కాంతాన్ని చూడటానికి అయస్కాంతమే అడ్డు

విజయనగరం జిల్లాలోని గరివిడి, గర్భాం, కోడూరు ప్రాంతాల్లో మాంగనీసు తవ్వకాలు 1890ల తొలినాళ్లలోనే మొదలయ్యాయి. దేశంలో మాంగనీసు పరిశ్రమకు ఇదే పుట్టినిల్లు. ఈ గనులను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త లూయిస్ ఫెర్మార్ 1909లో భారత భూగర్భ సర్వే తరఫున వెలువరించిన పెద్ద గ్రంథంలో ఇక్కడి రాళ్లకు కొత్త పేర్లు పెట్టారు. కోడూరులో దొరికిన ఒక శిల ‘కోడూరైట్’ అయింది. గరివిడిలోను, నాగపూర్ దగ్గర బెల్డోంగ్రిలోను కనిపించిన మరో ముదురు రంగు ఖనిజానికి తన సహోద్యోగి పేరు మీదుగా ‘వ్రెడెన్‌బర్గైట్’ అని పెట్టారు. మాంగనీసు ఖనిజమై ఉండి కూడా అది అయస్కాంతానికి గట్టిగా అతుక్కోవడమే ఫెర్మార్‌ను ఆకర్షించిన విశేషం.

తర్వాతి దశాబ్దాల్లో ఆ రాతిని అద్దంలా సానబెట్టి మైక్రోస్కోపు కింద పరీక్షించిన వారికి అది ఒక ఖనిజం కాదని తేలింది. జాకబ్‌సైట్ అనే మాంగనీసు-ఇనుము ఆక్సైడు, హౌస్మనైట్ అనే మాంగనీసు ఆక్సైడు అందులో పొరలు పొరలుగా పెనవేసుకుని ఉన్నాయి. దాంతో విడి ఖనిజాల జాబితా నుంచి వ్రెడెన్‌బర్గైట్‌ను తొలగించారు. గరివిడికి దక్కిన గుర్తింపు అలా చేజారింది గానీ, ఆ తొలగింపు వెనకున్న కారణం అయస్కాంత పదార్థాల శాస్త్రానికంతటికీ వర్తిస్తుంది.

ఎక్కువ ఉష్ణోగ్రతలో ఈ రెండు ఆక్సైడ్లు ఒకే స్ఫటికంలో ఇమిడి ఉండగలవు. శిల నెమ్మదిగా చల్లారేకొద్దీ ఆ పొత్తు చెడి, రెండూ సన్నని పొరలుగా విడిపోతాయి. మామూలు వాతావరణంలో అయస్కాంతంలా ప్రవర్తించేది వీటిలో జాకబ్‌సైట్ మాత్రమే. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసినా దాని గుణం పోదు. హౌస్మనైట్ అయస్కాంతం కావాలంటే దాన్ని మైనస్ 230 డిగ్రీల కిందికి చల్లబరచాలి. రాతిని పొడి చేసి రసాయన విశ్లేషణకు పంపితే ఇదంతా మాయమైపోతుంది. మాంగనీసు ఇంత, ఇనుము ఇంత, ఆక్సిజన్ ఇంత అనే లెక్క ఒకటే చేతికొస్తుంది. ఏ పదార్థం ఎక్కడుంది, ఎంత మందాన ఉంది, ఏ దిక్కుగా పరుచుకుంది అన్నవి ఆ లెక్కలో ఉండవు. అయస్కాంత బలాన్ని తేల్చేవి మాత్రం అవే.

మనుషులు తయారుచేసిన అయస్కాంతాల్లోనూ ఇదే జరిగింది. 1931లో జపాన్‌లో టొకుషిచి మిషిమా రూపొందించిన ఇనుము-నికెల్-అల్యూమినియం మిశ్రలోహం నుంచి ఆల్నికో కుటుంబం పుట్టింది. పాత రేడియోల స్పీకర్లలో ఉండే అయస్కాంతాలు చాలావరకు ఇవే. బాగా వేడిచేసిన లోహాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచి తగిన వేగంతో చల్లబరిస్తే బలం పెరుగుతుందని కర్మాగారాల్లో ముందే కనిపెట్టారు. ఎందుకు పెరుగుతుందో తెలియడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావలసివచ్చింది. చల్లారే లోహంలో ఇనుము, కోబాల్టు ఎక్కువగా ఉన్న భాగం పదుల నానోమీటర్ల మందం గల కడ్డీలుగా విడిపోయి, ఒకే దిక్కున వరుసదీరుతుంది. పొడుగ్గా, సన్నగా ఉన్న ఆ కడ్డీల ఆకారమే అయస్కాంత దిశను తిరగబడకుండా పట్టి ఉంచుతుంది. గరివిడి రాయి భూగర్భంలో తనకు తానుగా చేసుకున్న పనిని ఇక్కడ కొలిమిలో చేయిస్తున్నారన్నమాట. అయితే కాంతితో చూసే మైక్రోస్కోపుకు సుమారు 200 నానోమీటర్ల కన్నా చిన్న వివరాలు అందవు. ఆల్నికో కడ్డీలు దానికి ఎన్నటికీ కనిపించవు.

అయస్కాంత తీగచుట్ట ఎలక్ట్రాన్లకు కటకంలా పనిచేస్తుందని హన్స్ బుష్ 1926లో చూపించారు. దాని ఆధారంగా ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ 1931లో బెర్లిన్‌లో తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నిలబెట్టారు. రుస్కాకు నోబెల్ వచ్చింది 1986లో. పని ఫలితం 55 ఏళ్లకు గాని అందకపోవడం ఈ రంగంలో అంత ఆశ్చర్యపోవలసిన విషయం కాదని ముందుముందు తెలుస్తుంది. లక్ష వోల్టులతో తోసిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం దాదాపు 3.7 పికోమీటర్లు, అంటే పరమాణువుల మధ్య ఎడంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. పరమాణువులను విడివిడిగా చూడటానికి అది కావలసినదానికన్నా ఎక్కువే.

అసలు చిక్కు కటకం దగ్గర వస్తుంది. సూక్ష్మ వివరాలు చూపే ప్రధాన కటకంలో అయస్కాంత క్షేత్రం 2 టెస్లాల దాకా ఉంటుంది. పరీక్షించే ముక్కను ఉంచేది సరిగ్గా ఆ క్షేత్రం నడుమనే. ఏ మామూలు అయస్కాంత పదార్థమైనా అక్కడ తన సొంత అమరికను వదిలేసి కటకం చెప్పిన దిక్కుకు తిరిగిపోతుంది. గాలి ఎటు వీస్తుందో తెలుసుకోవడానికి గదిలో పంకా వేసుకుని కూర్చున్నట్టుంటుంది పరిస్థితి. పరమాణువులు చక్కగా కనిపిస్తాయి, వాటి అయస్కాంతత్వం మాత్రం అప్పటికే చెదిరిపోయి ఉంటుంది.

1959లో హేల్, ఫుల్లర్, రూబిన్‌స్టీన్ దీనికి సులువైన విరుగుడు పట్టారు. ప్రధాన కటకాన్ని ఆపేసి, మిగిలిన కటకాలతో సరిపెట్టుకుని, చిత్రాన్ని కావాలనే కాస్త మసకగా ఉంచారు. అయస్కాంత పదార్థం లోపల ఒకే దిక్కుకు మొగ్గిన చిన్నచిన్న మండలాలు ఉంటాయి, వాటిని డొమైన్లు అంటారు. ఒక డొమైన్ గుండా వెళ్లిన ఎలక్ట్రాన్లు ఒక పక్కకు వంగితే, పొరుగు డొమైన్ గుండా వెళ్లినవి మరో పక్కకు వంగుతాయి. రెంటి మధ్య సరిహద్దులో అవి ఒకచోట గుమికూడతాయి, మరోచోట ఎడమవుతాయి. అందువల్ల డొమైన్ గోడలు తెల్లని, నల్లని గీతలుగా కనిపిస్తాయి. ఈ లోరెంట్జ్ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. సుడుల్లాంటి స్కర్మియాన్ అయస్కాంత అమరికలను 2010లో జపాన్ శాస్త్రవేత్తలు తొలిసారి కళ్లకు కట్టించిందీ దీనితోనే. లోటు ఏమిటంటే, గోడ ఎక్కడుందో తెలుస్తుంది గాని క్షేత్రం ఎంత బలంగా ఉందో నేరుగా తెలియదు. కటకాన్ని ఆపేసినందుకు స్పష్టత కూడా తగ్గుతుంది.

ఈ లోటు మీదనే జీవితమంతా పనిచేసిన వ్యక్తి అకిరా తొనొమురా. 1942లో జన్మించి, టోక్యో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, 1965లో హిటాచీ కంపెనీ కేంద్ర పరిశోధనశాలలో చేరారు. ఆయన ఎంచుకున్న మార్గం ఎలక్ట్రాన్ హోలోగ్రఫీ, అంటే రెండు తరంగాలు కలిసినప్పుడు ఏర్పడే వ్యతికరణ చారల్లో ఎలక్ట్రాన్ తరంగం వివరాలను నమోదు చేయడం. హోలోగ్రఫీ అనగానే లేజర్లు గుర్తొస్తాయి గాని, 1948లో డెన్నిస్ గేబర్ ఆ ఆలోచన చేసింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల లోపాలు సరిదిద్దడానికే. ఎలక్ట్రాన్ల కోసం పుట్టిన ఆలోచన లేజర్ల పంచన పెరిగి పెద్దదైంది. కారణం సామాన్యమైనదే. హోలోగ్రాముకు ఒకే లయలో నడిచే తరంగాలు కావాలి. 1960లలో లేజర్ వాటిని సునాయాసంగా ఇచ్చింది. వేడెక్కిన తీగ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లలో ఆ లయ అంతంతమాత్రం.

తొనొమురా 1960ల చివర్లోనే ఎలక్ట్రాన్ హోలోగ్రాములు తీసినా, అవి చెప్పుకోదగ్గ సమాచారమేదీ ఇవ్వలేదు. దాని తర్వాత దాదాపు పదేళ్లు ఆయన అయస్కాంతాల జోలికి పోలేదని చెప్పవచ్చు, ఎలక్ట్రాన్లు పుట్టే మొనను బాగుచేయడంతోనే ఆ కాలం గడిచింది. సూదికన్నా ఎన్నో రెట్లు పదునైన లోహపు మొన మీద బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే, వేడి చేయకుండానే ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. అవన్నీ దాదాపు ఒకే బిందువు నుంచి వస్తాయి కనుక లయ కుదురుతుంది. కాని ఆ మొన మీద నాలుగు వాయు అణువులు వాలినా ప్రవాహం తడబడుతుంది. అత్యంత శూన్యం కావాలి, యంత్రం నానోమీటరు కూడా కదలకూడదు. 1970ల చివరికి 80 వేల వోల్టుల యంత్రం సిద్ధమైంది. అంతకుముందు 300 దాకా వచ్చే వ్యతికరణ చారలు 3,000కు పెరిగాయి. చారలు పెరగడమంటే తరంగ దశలో, అంటే దాని శిఖరాల స్థానంలో, వచ్చే సూక్ష్మమైన మార్పును కూడా కొలవగలగడం.

ఆ కొలతతో ఏమి దొరుకుతుందన్నది 1980 ప్రాంతంలో కోబాల్టు రేణువుల చిత్రాల్లో బయటపడింది. అయస్కాంత క్షేత్రం పక్కగా వెళ్లిన ఎలక్ట్రాన్ తరంగం దశ మారుతుంది. ఆ మార్పును పటంలోని ఎత్తు గీతల్లా గీస్తే, ఆ గీతలు అయస్కాంత బలరేఖలే అవుతాయి. రెండు వరుస గీతల మధ్య ఎంత అయస్కాంత అభివాహం (ఆ మేర గుండా సాగే మొత్తం క్షేత్రం) ఉందో చెప్పడానికి వేరే ప్రమాణం అక్కర్లేదు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ విద్యుదావేశంతో భాగిస్తే వచ్చే విలువ, 4.1 వెబర్లను పది మీద పదిహేను ఘాతంతో భాగించినంత, ప్రతి రెండు గీతల మధ్యా ఉంటుంది. కాగితం మీద ఇనుపరజను చల్లి బడిలో చూపించే బొమ్మకూ దీనికీ తేడా అక్కడే ఉంది. రజను గీతలను లెక్కపెట్టడంలో అర్థం లేదు, ఈ గీతలను లెక్కపెడితే క్షేత్రం విలువే వచ్చేస్తుంది.

ఇదే పనిముట్టు ఆయనను భౌతికశాస్త్రపు మౌలిక వివాదంలోకి తీసుకెళ్లింది. క్షేత్రం బొత్తిగా లేని చోట కూడా, దాని వెనకుండే ‘పొటెన్షియల్’ అనే గణిత రాశి ఎలక్ట్రాన్ తరంగ దశను మారుస్తుందని అహరోనోవ్, బోమ్ 1959లో అన్నారు. మరుసటి ఏడాదే ఛాంబర్స్ చేసిన ప్రయోగం దాన్ని సమర్థించింది. అయినా సందేహాలు తీరలేదు. పొడవైన అయస్కాంతం ఏదైనా చివర్ల నుంచి క్షేత్రాన్ని కొంత కారుస్తుంది, ఎలక్ట్రాన్లకు తగిలింది ఆ కారిన క్షేత్రమేనన్న వాదన 1970ల చివర్లో బలపడింది. తొనొమురా బృందం చివర్లే లేని అయస్కాంతం చేసింది. కొన్ని మైక్రాన్ల వెడల్పున్న పెర్మల్లాయ్ (నికెల్-ఇనుము మిశ్రలోహం) కంకణం అది, క్షేత్రం దానిలోనే గుండ్రంగా తిరుగుతుంది. 1982లో దానితో ఫలితం చూపించారు. ఎలక్ట్రాన్లు లోహంలోకే చొరబడి ఉంటాయని మళ్లీ అభ్యంతరం వచ్చింది. ఈసారి కంకణాన్ని నాలుగు వైపులా నియోబియంతో కప్పి, అది అతివాహకంగా (నిరోధం లేకుండా విద్యుత్తును మోసే పదార్థంగా) మారేంత చల్లబరిచారు. అతివాహకం క్షేత్రాన్ని బయటికి రానివ్వదు. పైగా తన వలయంలో చిక్కిన అభివాహాన్ని నిర్దిష్టమైన మోతాదుల్లోనే ఉండనిస్తుంది. కాబట్టి కంకణం లోపలి నుంచి, వెలుపలి నుంచి వెళ్లిన తరంగాల మధ్య తేడా సున్నా అయినా కావాలి, సరిగ్గా సగం తరంగమైనా కావాలి. 1986లో అచ్చైన చిత్రాల్లో కొన్ని కంకణాల దగ్గర చారలు సరిగ్గా సగం జరిగి ఉన్నాయి.

ఈ ప్రయోగాన్ని సిద్ధాంత విజయంగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి అది సగానికి పైగా పనితనపు విజయం. అంత చిన్న కంకణాన్ని చెక్కడం, దాని చుట్టూ ఎక్కడా బీట లేకుండా నియోబియం పూత వేయడం, మొత్తాన్ని కదలకుండా ద్రవ హీలియం చలిలో నిలపడం ఒక కంపెనీ ప్రయోగశాలలోనే కుదిరింది. విశ్వవిద్యాలయానికి అంత తీరిక, అన్ని రకాల పనివారు ఒక్కచోట దొరకడం కష్టం. హిటాచీకి ఇది దానధర్మం కూడా కాదు. ఆ కంపెనీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులను అమ్ముతుంది. అయస్కాంత టేపులపైనా డిస్కులపైనా రాసిన సమాచారం నుంచి బలరేఖలు ఎలా వెలికివస్తున్నాయో అదే హోలోగ్రఫీతో చూసుకోవడం దాని వ్యాపారానికీ అవసరమే.

1989లో ఒక్కొక్క ఎలక్ట్రానూ ఒంటరిగా వచ్చి చుక్క పెట్టి పోతుంటే, వేల చుక్కల తర్వాత చారలు ఏర్పడటాన్ని తొనొమురా బృందం చిత్రీకరించింది. 1992లో నియోబియం పలక లోపల అభివాహ సుడులు కదలడాన్ని వీడియో తీసింది. 2000 నాటికి యంత్రం పది లక్షల వోల్టులకు చేరింది. 2010లో జపాన్ ప్రభుత్వ నిధులతో 12 లక్షల వోల్టుల మైక్రోస్కోపు పని మొదలైంది. అది పూర్తికాకముందే, 2012 మే నెలలో ఆయన కన్నుమూశారు. సహచరులు దాన్ని పూర్తిచేసి 43 పికోమీటర్ల స్పష్టత సాధించారు. 2024లో ఆ యంత్రంతోనే బేరియం-ఇనుము-మాలిబ్డినం ఆక్సైడులో ఒక్కొక్క పరమాణు పొర అయస్కాంత క్షేత్రాన్ని 0.47 నానోమీటర్ల స్పష్టతతో కొలిచి ప్రకటించారు. ఈలోగా టోక్యోలో నవోయా షిబాటా బృందం ముక్క ఉండే చోట రెండు కటకాల క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకునేలా కొత్త కటకాన్ని 2019లో తయారుచేసి, 2022లో హెమటైట్ లోపలి పరమాణు క్షేత్రాలను చూపించింది. ఎర్రమట్టికి రంగునిచ్చే ఐరన్ ఆక్సైడే ఈ హెమటైట్. 1931లో కటకంతో పాటే పుట్టిన చిక్కు విడిపోవడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది.

ఇంత సూక్ష్మంగా చూడవలసిన అవసరం శ్రీకాకుళం తీరానికి ఎందుకన్న ప్రశ్నకు జవాబు అక్కడి ఇసుకలోనే ఉంది. శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు వైపు తీరంలో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్‌తో పాటు మోనజైట్ కొద్దిపాళ్లలో ఉంది. తూర్పు కనుమల శిలలు అరిగిపోగా నదులు, కెరటాలు కలిసి తెచ్చి పోసిన సరుకు ఇది. వీటిని వేరుచేసేది కూడా అయస్కాంతాలతోనే. ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ బలమైన అయస్కాంతానికి వేర్వేరు మోతాదుల్లో లొంగుతాయి, జిర్కాన్, సిల్లిమనైట్ లొంగవు. మోనజైట్‌లో థోరియంతో పాటు నియోడిమియం, సమేరియం వంటి రేర్ ఎర్త్ మూలకాలు ఉంటాయి. దేశంలోని మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా.

నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతం 1984లో జపాన్, అమెరికాల్లో విడివిడిగా వెలుగుచూసింది. విద్యుత్ వాహనాల మోటార్లు, గాలిమరల జనరేటర్లు చాలావరకు దాని మీదే నడుస్తాయి. అయస్కాంత దిశ తిరగబడకుండా నిలిపే పట్టు సిద్ధాంతం ప్రకారం ఎంత రావాలో అందులో అయిదో వంతు మాత్రమే ఆచరణలో వస్తుంది. మోటారు వేడెక్కినప్పుడు అది ఇంకా సడలుతుంది. సడలకుండా డిస్ప్రోసియం కలుపుతారు. మోనజైట్‌లో డిస్ప్రోసియం చాలా తక్కువ, ప్రపంచ సరఫరా దాదాపుగా చైనా చేతిలో ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం ఎగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు భారత వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. అంటే మన ఇసుక ఒక మూలకాన్ని ఇస్తుంది, దానికి తోడు కావలసిన రెండోదాన్ని ఇవ్వదు.

రెండోది లేకుండా నెట్టుకురావాలంటే రేణువుల సరిహద్దులను సరిచేయాలి. కొన్ని మైక్రాన్ల రేణువుల మధ్య రెండు మూడు నానోమీటర్ల మందాన ఒక పొర ఉంటుంది. అది అయస్కాంతం కాదని, అందువల్ల రేణువులను ఒకదాని ప్రభావం నుంచి మరొకదాన్ని కాపాడుతుందని చాలాకాలం నమ్మారు. అందులో ఇనుము దండిగా ఉందని, అది కూడా అయస్కాంతమేనని గత పదిహేనేళ్లలో జపాన్‌లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. దాన్ని రుజువు చేసిన పద్ధతుల్లో తొనొమురా పెంచిన ఎలక్ట్రాన్ హోలోగ్రఫీ ఒకటి. ఆ పొరలో ఇనుమును తగ్గించగలిగితే డిస్ప్రోసియం అవసరమూ తగ్గుతుంది. విశాఖ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ నెలకొల్పి, 2023 మేలో జాతికి అంకితమైన కర్మాగారం తయారుచేసేది సమేరియం-కోబాల్టు అయస్కాంతాలు. వాటి బలం కూడా వేడిచికిత్సలో ఏర్పడే నానోమీటర్ల గదుల అల్లికలోనే ఉంది. గదుల గోడల్లో చేరిన రాగి డొమైన్ గోడలను కదలకుండా కట్టేస్తుంది. ఒకటిగా ఉన్నది చల్లారుతూ రెండుగా విడిపోయే గరివిడి సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది.

మన కళాశాలల భౌతికశాస్త్ర విభాగాల్లో ఫెర్రైట్ల మీద, అంటే ఇనుప ఆక్సైడు ప్రధానంగా ఉండే అయస్కాంత పదార్థాల మీద, పరిశోధనకు కొదవ లేదు. లోహ నైట్రేట్లు, ఒక కొలిమి ఉంటే ఫెర్రైట్ పొడి చేయవచ్చు కనుక చిన్న పట్టణాల కళాశాలలకు ఇది అందుబాటులో ఉన్న రంగం. జాకబ్‌సైట్ కూడా ఒక ఫెర్రైటే. అయితే చాలా సిద్ధాంత గ్రంథాల్లో మైక్రోస్కోపు చిత్రం అలంకారంగా మిగిలిపోతోంది. ఎక్స్‌రే పటం, రేణువుల ఉపరితలం చూపే ఒక బొమ్మ, అయస్కాంత వక్రరేఖ వరసగా పెట్టి, బలం తగ్గడానికి కారణం లోహ అయాన్లు స్థానాలు మారడమని రాసేస్తారు. ఏ అయాను ఏ స్థానంలో ఉందో ఆ మూడింటిలో ఏదీ నేరుగా చూపదు. స్ఫటికంలో ఎలక్ట్రాన్ పుంజాన్ని ఒక నిర్దిష్ట కోణంలో పంపి, వెలువడే ఎక్స్‌రేల హెచ్చుతగ్గులతో అయాను స్థానాన్ని పట్టుకునే పద్ధతిని 1983లోనే స్పెన్స్, టాఫ్టో ప్రకటించారు. అది కావాలంటే మైక్రోస్కోపు దగ్గర కొన్ని రోజులు కూర్చోవాలి. పొడిని పొట్లం కట్టి పంపి, బొమ్మను ఈమెయిల్‌లో తెప్పించుకుంటే అయ్యే పని కాదు.

పొట్లం కట్టి పంపినా తీసుకుంటారన్న భరోసా లేదు. చాలా మైక్రోస్కోపు కేంద్రాలు అయస్కాంత పొడులను లోపలికి రానివ్వవు. 2 టెస్లాల క్షేత్రంలో పొడి ఎగిరి కటకానికి అంటుకుంటే కోట్ల రూపాయల యంత్రం పాడవుతుంది. అదే ఫెర్రైటును గట్టి బిళ్లగా కాల్చి, సానబెట్టి, చివరగా అయాన్ పుంజంతో వంద నానోమీటర్ల కన్నా పలుచగా చెక్కి, జాలీకి స్థిరంగా బిగించి తీసుకెళ్తే అభ్యంతరం చాలావరకు తొలగిపోతుంది. కేంద్ర ప్రభుత్వపు ఐ-స్టెమ్ పోర్టల్ ద్వారా దేశంలోని పెద్ద పరికరాల మీద బయటి విద్యార్థులు సమయం అడిగే వీలుంది. కాల్చడం, కోయడం, చేత్తో అరగదీసి పలుచన చేయడం వరకు విజయనగరంలోనో ఎచ్చెర్లలోనో కళాశాల ప్రయోగశాలలోనే నేర్చుకోవచ్చు. దరఖాస్తులో మొదట అడగవలసింది మాత్రం ఆ యంత్రంలో ప్రధాన కటకాన్ని ఆపి, లోరెంట్జ్ పద్ధతిలో చూసే ఏర్పాటు ఉందా అన్నది.